మందు దిగే లెక్క

తెలుగులో మందు ఎక్కుతుంది, మత్తు దిగుతుంది. విషం తలకెక్కుతుంది, నాటువైద్యుడు పసరు పోస్తే దిగుతుంది. జ్వరం కూడా దిగేదే. 'మందు' అంటే డాక్టరు రాసిచ్చేదా, సీసాలో దొరికేదా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. రెండింటికీ క్రియాపదాలు మాత్రం ఇవే. ఈ మాటల్ని కాసేపు పట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మన భాష కనిపెట్టుకుని ఉండేది మందు చేసే పనిని. మందు అనే పదార్థం ఏమైంది, ఎటు పోయింది, ఇంకా ఎంత మిగిలింది అన్నది మనకు పట్టదు. నొప్పి తగ్గితే మందు పనిచేసినట్టు, నొప్పి తిరగబెడితే మందు దిగిపోయినట్టు. మధ్యలో ఒళ్ళు చేసే చాకిరీకి మన దగ్గర పేరు లేదు.

ఆ చాకిరీకి పేరు పెట్టి, కొలిచి, ఆ కొలతతో మనుషుల్ని రెండు రకాలుగా విడగొట్టిన రెండు పేపర్ల గురించి ఈ వ్యాసం. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. దక్షిణ భారత క్షయ రోగుల్లో ఐసోనియాజిడ్ అనే మందు ఎంత వేగంగా నిర్వీర్యమవుతోంది అన్నది రెండింటికీ ఉమ్మడి శీర్షిక. మొదటిది కొలిచే పద్ధతి గురించి, రెండోది ఆ కొలత వల్ల రోగికి ఒరిగేదేమిటన్న దాని గురించి. రాసినవాళ్ళలో గంగాధరం, సెల్కన్, వాలెస్ ఫాక్స్, రామకృష్ణన్, వేలు ఉన్నారు. పని జరిగింది మద్రాసు చేట్‌పట్‌లోని ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్‌లో. అది 1956లో మొదలైంది. సాహిత్య పత్రికలో వీటి మీద సమీక్ష ఏంటని ఎవరైనా అడగొచ్చు. పాత్రలున్నాయి, పాత్రల్ని విభజించే ఒక చూపు ఉంది, చెప్పినవీ చెప్పకుండా వదిలేసినవీ ఉన్నాయి. సమీక్షకు ఇంకేం కావాలి?

వీటిని మదనపల్లె వైపు నుంచి చదవడానికి కారణం ఆరోగ్యవరం. ఊరి శివార్లలో, దాదాపు 700 మీటర్ల ఎత్తులో, పొడిగాలి కోసం ఎంచుకున్న చోట 1915లో యూనియన్ మిషన్ వాళ్ళ క్షయ శానటోరియం తెరుచుకుంది. నడిపించింది క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డేనిష్ డాక్టరు. ఆ తర్వాత అక్కడ పనిచేసిన పి.వి. బెంజమిన్ దేశం మొత్తానికి క్షయ సలహాదారు అయ్యాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాల కార్యక్రమం మొదలైంది కూడా మదనపల్లెలోనే. ఊరి పేర్లలో 'వరం' మామూలు తోకే గానీ, అక్కడికి రైలెక్కి మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగిన రోగికి ఆ తోకలో రెండో అర్థం వినబడకుండా ఉంటుందా?

ఇక్కడే చరిత్ర ఒక వేళాకోళం ఆడింది. ఐసోనియాజిడ్‌ను ప్రాగ్‌లో మేయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసింది 1912లో. అంటే ఆరోగ్యవరం తలుపులు తెరిచే నాటికే మందు ఉంది. అది మందని ఎవరికీ తెలీదు. తెలిసేసరికి 1951-52 అయింది. ఆ నలభై ఏళ్ళూ శానటోరియంలు ఇచ్చినవి గాలి, పాలు, గుడ్లు, మంచం, కొందరికి ఊపిరితిత్తి పక్కన గాలి ఎక్కించి దాన్ని అణిచిపెట్టే వైద్యం. ఒంట్లోంచి తొలగించాల్సిన మందు అంటూ లేదు కాబట్టి, అది ఎంత వేగంగా తొలగుతుందన్న ప్రశ్నే పుట్టలేదు.

మందు వచ్చాక మద్రాసు సెంటర్ చేసిన తొలి పెద్ద పని శానటోరియంకే ఎసరు పెట్టింది. 1959లో అదే బులెటిన్‌లో ఆ పేపరు వచ్చింది. ఒకే మందుల్ని కొందరికి శానటోరియంలో ఉంచి, కొందరికి ఇరుకిరుకు ఇళ్ళల్లోనే ఉంచి, ఏడాది ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళు తిండి తక్కువై, విశ్రాంతి లేక కూడా దాదాపు అంతే బాగయ్యారు. కొండగాలీ మంచమూ కాదు, మందే పనిచేస్తోందని తేలిపోయింది. మంచాల నుంచి దృష్టి మందు మీదికి మళ్ళింది. అప్పుడిక అడగాల్సిన ప్రశ్న మారింది: మందు అందరి ఒంట్లోనూ ఒకేలా ఉంటోందా?

ముందు క్లియరెన్స్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. మన ఆరోగ్యం పేజీల్లో ఎక్కువగా గజిబిజి అయ్యేది ఇక్కడే.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా చెరువులే చెరువులు. ఒక చెరువునే తీసుకుందాం. నిండుగా ఉన్నప్పుడు తూములోంచి నీళ్ళు జోరుగా పోతాయి, తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. జోరు మారుతుంది గానీ తూము సైజు మారదు. ఆ తూము సైజే క్లియరెన్స్. నిమిషానికి ఎన్ని మిల్లీగ్రాముల మందు బయటికి పోయింది అన్నది కాదు, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ప్లాస్మా మందు లేకుండా శుభ్రపడినట్టు లెక్క అన్నది. 'పడినట్టు' అన్న మాటే ఇందులో అసలు. నిజానికి ఒంట్లో ఏ చెంచాడు రక్తమూ పూర్తిగా శుభ్రపడి పక్కన కూర్చోదు, మొత్తం రక్తంలో కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది. క్లియరెన్స్ ఒక ఊహ, ఒక ఉపమానం. 1920ల చివర్లో వాన్ స్లైక్, అతని సహచరులు యూరియా మీద పనిచేస్తూ ఈ ఉపమానాన్ని అంకెగా మార్చారు. ఉపమానానికి యూనిట్లు పెట్టి వాడుకోవడం కవులు చేయలేకపోయిన పని.

కిడ్నీల సంగతికొస్తే లెక్క సులభం. మూత్రంలో మందు గాఢతను నిమిషానికి వచ్చే మూత్రంతో హెచ్చించి, ప్లాస్మాలోని గాఢతతో భాగిస్తే చాలు. మొత్తం ఒంటికైతే, రక్తంలోకి చేరిన డోసును రక్తంలో గాఢత గీసే వంపు కింది వైశాల్యంతో భాగించాలి. 300 మిల్లీగ్రాములు ఎక్కించారు, ఆ వైశాల్యం లీటరుకు 20 మిల్లీగ్రాము-గంటలు వచ్చింది అనుకోండి, క్లియరెన్స్ గంటకు 15 లీటర్లు. 'మందు ఎన్ని గంటలు ఒంట్లో ఉంటుంది' అన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి తూముతో పాటు చెరువు ఎంత పెద్దదో కూడా తెలియాలి. క్లోరోక్విన్ వారాల తరబడి ఒంట్లో ఉండిపోయేది తూము చిన్నదై కాదు. అది కండరాల్లో, కాలేయంలో, కంటిలో ఇంకిపోయి చెరువును సముద్రం చేస్తుంది. రెండో రకం 'మందు' ఈ నియమానికే లొంగదు. సారాయి ఎంత తాగినా కాలేయం గంటకు ఇంత అని దాదాపు ఒకే పరిమాణాన్ని తీస్తుంది. తూము దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి గంటకు ఇన్ని బిందెలే తోడమన్నట్టు. నిమ్మకాయ పిండినా, తలమీద నీళ్ళు పోసినా ఆ మనిషి వేగం పెంచడు.

ఐసోనియాజిడ్‌కు ప్రధానమైన తూము కాలేయంలో ఉంది. అక్కడ ఒక ఎంజైమ్ దానికి ఎసిటైల్ అనే చిన్న తోక తగిలిస్తుంది, దాంతో మందు పనికిరాకుండా పోయి మూత్రంలో వెళ్ళిపోతుంది. ఈ ఎంజైమ్ కొందరిలో చురుకు, కొందరిలో మందం. చురుకైనవాళ్ళలో మందు గంటా గంటన్నరకు సగమైతే, మందంగా ఉన్నవాళ్ళలో రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఇది వంశంలో వచ్చే లక్షణమని 1960లో ఇవాన్స్ బృందం కుటుంబాల్ని పరీక్షించి చూపించింది.

ఇక పేపర్లు. మొదటి పేపరులో నాకు బాగా నచ్చింది కొలబద్ద. కండలోకి ఒక నిర్ణీత డోసు ఇంజెక్షన్ ఇస్తారు, నాలుగున్నర గంటలాగి రక్తం తీస్తారు. ఆ రక్తరసంలో మందు ఎంతుందో చెప్పేది యంత్రం కాదు, క్రిమి. ఐసోనియాజిడ్ క్షయ కుటుంబపు క్రిముల్ని తప్ప వేరేవాటిని ఏమీ చేయదు కాబట్టి ఆ జాతి క్రిమినే సాక్షిగా పెట్టాలి. అది ఎంత మేర పెరగలేకపోయిందో చూస్తే మందు ఎంతుందో తెలుస్తుంది. శత్రువు వాంగ్మూలంతో కేసు తేల్చడం అన్నమాట. ఏ నవలలో ఉన్నా మెచ్చుకునేవాళ్ళం. పేపరు దీన్ని పైకెత్తి చూపించదు, మామూలుగా చెప్పి ముందుకెళ్తుంది. ఆ నిగ్రహం మన విమర్శకులకు కూడా కాస్త అబ్బితే బాగుండు.

పేచీ పెట్టాల్సిన చోటూ ఇదే. నాలుగున్నర గంటల దగ్గర తీసిన ఒక్క నెత్తురు చుక్క క్లియరెన్స్ కాదు. అది ఒక ఫోటో. చెరువులో ఒక్కసారి కర్ర ముంచి చూసి తూము సైజు ఊహించినట్టు. మనుషులు రెండు గుంపులుగా విడిపోతున్నారు కాబట్టి ఫోటో సరిపోయింది, ఆచరణలో తప్పు కూడా పెద్దగా రాలేదు. కానీ ఆ ఒక్క ఫోటోతో మనిషికి పేరు పెట్టేశారు: వేగంగా నిర్వీర్యం చేసేవాడు, నిదానంగా నిర్వీర్యం చేసేవాడు. కొలిచింది మందు గాఢతను, పేరు పడింది మనిషికి. శాస్త్రీయ గద్యంలో ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో పట్టుకోవడం కష్టం. ఒక పేరాలో 'నిదానమైన నిర్వీర్యత', తర్వాతి పేరాకల్లా అది ఒక మనిషి.

దక్షిణ భారత రోగుల్లో సుమారు 60 శాతం నిదానస్తులే అని తేలింది. 'నిదానస్తుడు' మన దగ్గర మెచ్చుకోలు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లాడు నిదానస్తుడంటే సగం పని అయినట్టే. రెండో పేపరు మొదట ఆ మెచ్చుకోలును సమర్థిస్తుంది. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో నిదానస్తులే మెరుగ్గా కోలుకున్నారు. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలబడి క్రిమి పని పట్టింది. పాస్ అనే రెండో మందు జోడిస్తే ఆ తేడా అంతగా కనబడలేదు. కానీ ఈ జంటను చదివేవాళ్ళు అంతకు ముందు ఏడాది, 1960లో, దేవదత్త తదితరులు అదే బులెటిన్‌లో రాసింది కూడా పక్కన పెట్టుకోవాలి. ఐసోనియాజిడ్ వల్ల వచ్చే పెరిఫెరల్ న్యూరైటిస్ దాని విషయం. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళలో నరాలు దెబ్బతిన్నది ప్రధానంగా నిదానస్తులకే. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నేల ఆనకపోవడం. క్రిమిని ఎక్కువసేపు చంపిన మందే, అదే ఎక్కువసేపు కారణంగా కాళ్ళను కాల్చింది.

మొదట్లో చెప్పిన భాష సంగతి ఇక్కడ తగులుతుంది. 'ఎక్కడం, దిగడం' అనే జంటతో ఈ రోగికి ఏం జరిగిందో చెప్పలేం. దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది, మందు పనిచేసింది. కాళ్ళు మండుతున్నాయి, అయితే వేడి చేసిందంటాం. వేడి చేయడం అన్న మాట కింద మనం ఎన్ని నరాల జబ్బుల్ని పాతిపెట్టామో! మజ్జిగ తాగమంటాం, తలకు ఆముదం పెట్టమంటాం. అదే పేపరేమో 'న్యూరైటిస్' అని రాసుకుని వదిలేస్తుంది. మంట అన్న మాట రోగి నోట ఎలా వచ్చిందో, ఎన్ని రోజులు ఓర్చుకుని చెప్పాడో, చెబితే మందు ఆపేస్తారని భయపడ్డాడో అక్కడ లేదు. ఉండాలని నేననడం లేదు, ఆ ప్రక్రియ అది కాదు. కానీ ఆ ఖాళీని తెలుగు రచయితలు నింపి ఉండాల్సింది. మన కథల్లో క్షయ అంటే రక్తం కక్కుకుని, కళ్ళు పెద్దవై, ప్రేమ విఫలమై చనిపోవడం. మందులొచ్చి బతకడం మొదలుపెట్టాక క్షయరోగి మన సాహిత్యానికి పనికిరాకుండా పోయాడు. బతికి, కాళ్ళ మంటలతో టమోటా తోటలో దిగినవాడి కథ ఎవరు రాశారు?

విరుగుడు దొరికింది, ఖరీదైందీ కాదు. పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్. ఇప్పుడు క్షయ మందులతో పాటు ఇస్తారు. అసలు నిర్ణయం మాత్రం వేరే: ఎవరు నిదానం, ఎవరు వేగం అని కొలవడం ఎలాగో తెలిసీ, చికిత్సలో అందరికీ ఒకే లెక్క. ఇప్పటికీ అంతే. బరువును బట్టి మాత్రలు, కాలేయం వేగాన్ని బట్టి కాదు. దీన్ని అన్యాయం అనడం తేలిక, నేను అనను. ప్రతి మండలంలో నాలుగున్నర గంటలు కూర్చోబెట్టి రక్తం తీసి క్రిమిని పెంచి చూసేకన్నా, అందరికీ నాలుగు మందులు కలిపిచ్చి, పైన ఒక విటమిన్ బిళ్ళ వేయడం ఎక్కువ ప్రాణాల్ని కాపాడుతుంది. తేడా తెలిశాక దాన్ని పక్కన పెట్టడానికీ, తేడా లేదనుకోవడానికీ మధ్య దూరం ఉంది. మద్రాసు వాళ్ళు మొదటిది చేశారు. వారానికి ఒకసారి మందిచ్చే పద్ధతిని పరీక్షించినప్పుడు వేగస్తులు వెనకబడ్డారని చూసి, దాచకుండా రాశారు. వేగంగా దిగిపోయే ఒంటికి వారం చాలా పొడుగు. 2013లో జపాన్‌లో జన్యువును చూసి డోసు మార్చి ఇస్తే నిదానస్తుల కాలేయానికి హాని తగ్గిందని ఒక ట్రయల్ చూపింది. అంటే 1961 నాటి ప్రశ్న మూతపడలేదు.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించే రచన ఇంకొకటి ఉంది. కెనడాలో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 1976లో రాసింది. కిడ్నీ క్లియరెన్స్‌ను సరిగ్గా కొలవాలంటే 24 గంటల మూత్రం పట్టాలి. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున దాకా ప్రతి చుక్కా డబ్బాలో. ఒక్కసారి మరిచిపోతే అంకె మొత్తం తప్పు. ఇంట్లో మరుగు లేని ఆడమనిషి, పుంగనూరు బస్సులో మూడు గంటలు బిగబట్టుకుని కూర్చునే మనిషి, పొలంలో ఆ అవసరం రాకూడదనే నీళ్ళు తక్కువ తాగే మనిషి ఆ డబ్బా ఎలా నింపాలి? ఈ బాధ తప్పించడానికే వాళ్ళు సూత్రం కట్టారు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, 72తోనూ రక్తంలోని క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఎంత ఉపకారం! కానీ సూత్రం పుట్టింది 249 మంది రోగుల నుంచి, వాళ్ళలో నూటికి తొంభై ఆరు మంది మగవాళ్ళు. ఆడవాళ్ళకైతే చివర్లో 0.85తో హెచ్చించమన్నారు. ఆ 0.85 ఆడవాళ్ళను కొలిచి తెచ్చింది కాదు, ఆడవాళ్ళకు కండ తక్కువన్న అంచనాతో పెట్టింది. ప్రపంచంలో సగం మంది ఒక గుణకారంలో సర్దుకున్నారు.

అయినా సూత్రం చూపించే నిజం ఒకటుంది. కుప్పం దగ్గర పల్లెలో అరవై ఏళ్ళ ముసలమ్మ, నలభై కిలోలు, క్రియాటినిన్ 1.0 అనుకోండి. ల్యాబ్ చీటీలో అది నార్మల్. లెక్క కడితే నిమిషానికి 38 మిల్లీలీటర్లు. అదే 1.0 ఉన్న ముప్ఫై ఏళ్ళ, డెబ్భై కిలోల కుర్రాడికి 107. ఒకే అంకె, ఒకే 'నార్మల్', తూములు మాత్రం దాదాపు మూడింతల తేడా. ముసలమ్మకు కండ తక్కువ, కాబట్టి క్రియాటినిన్ పుట్టేదే తక్కువ, కాబట్టి కిడ్నీ నీరసం చీటీలో కనబడదు. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందు ఈమెకు కుర్రాడి డోసులో పడితే ముందు పోయేది చెవులు, నడకలో తూకం. ఆ మందుకు కిడ్నీ తప్ప వేరే దారి లేదు. ఫార్మకాలజీ పుస్తకాల్లో ఆ డెబ్భై కిలోల మగమనిషే హీరో. ఏ అధ్యాయం తెరిచినా అతనే మందు మింగుతుంటాడు, అతని కిడ్నీలే రోజుకు 180 లీటర్లు వడపోస్తుంటాయి. మన పాత సినిమాల హీరోలాగే అతనికి ముసలితనం రాదు. ఉద్దానంలో క్రియాటినిన్ ఇంటింటి మాటైపోయాకైనా ఈ అంకె వెనక కండ సంగతి తెలుగులో ఎవరైనా సరళంగా రాస్తారేమో అని చూశాను. 'క్రియాటినిన్ ఇంతకు మించితే ప్రమాదం' అన్న వాక్యం దగ్గరే ఎక్కువ మంది ఆగిపోతారు.

పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవు గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట. ఒళ్ళు మందును తీసేసే దారుల్లో పాలు ఒకటి. పొదుగువాపుకు యాంటీబయాటిక్ ఎక్కించిన ఆవు పాలు ఇన్ని రోజులు డెయిరీకి పోయకూడదని మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆవు క్లియరెన్స్‌ను అక్కడ మనుషుల కోసం కొలిచారు. రోజువారీ పాల డబ్బుతో ఇల్లు గడిచే రైతు ఆ రోజులు పాలు పారబోస్తాడా అన్నది ఫార్మకాలజీ ప్రశ్న కాదు.

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే బజారులో వినబడతాయి. భాషల కోసమే పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి అక్కడుంది, ఒక మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఈ రెండింటి మధ్య జరగాల్సిన సంభాషణ గురించి ఆలోచిస్తాను. 'విసర్జన' అని మన పాఠ్యపుస్తకాలు రాసేది మూత్రం, మలం, చెమట దారులకే సరిపోతుంది. కాలేయం మందును మార్చేసి నిర్వీర్యం చేయడం అందులో ఇమడదు. 'శుద్ధి' అంటే నీళ్ళ ట్యాంకు గుర్తొస్తుంది, పైగా ఒంట్లో ఉన్నది మైల అన్న ధ్వని. నా ఓటు 'తూము'కే. నవ్వొచ్చినా ఫర్వాలేదు, ఆ మాట ఆ మూడూళ్ళలో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది.

అర్థం కావడం ఎంత అవసరమో రిఫాంపిసిన్ చెబుతుంది. క్షయ మందుల్లో కళ్ళకు కనబడుతూ బయటికి పోయేవాటిలో అదొకటి. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. రోగి మాత్ర మింగాడా లేదా అని ఆ రంగు చూసి పోల్చుకునే పద్ధతి ఉంది. చెప్పకుండా ఇస్తే రక్తం పోతోందని బెదిరి మానేసేవాళ్ళూ ఉంటారు. రంగు గురించి ఈమధ్య ముందే చెబుతున్నారు, మంచిదే. కనబడని సంగతి ఇంకొకటుంది. రిఫాంపిసిన్ కాలేయంలో తూముల్ని వెడల్పు చేస్తుంది, తన తూమునే కాదు, పక్కవాటివి కూడా. గర్భం రాకుండా వేసుకునే మాత్ర అలా త్వరగా దిగిపోతుంది. రెండు మాత్రలూ రోజూ తప్పకుండా మింగిన ఆడమనిషికి నెల తప్పుతుంది. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఇంట్లో మాత్రం, మాత్ర వేసుకోవడం మరిచిపోయి ఉంటావులే అంటారు.